మా అక్క కోసం ప్రార్థించండి

నర్సుల క్వార్టర్స్,
ఆదివారం మధ్యాహ్నం.

గువ్వకు,

నిన్న ఫోన్ చేస్తే ఒకసారి "ఊఁ" అన్నావు, ఒకసారి "ఆఁ" అన్నావు, చివర్లో "సరే" అన్నావు. నీతో ఫోన్లో మాట్లాడే బదులు గోడకు సున్నం వేసుకున్నా ఏదో ఒక పని జరుగుతుంది. కాన్వెంటు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ నీకు కాగితం మీదే నోరు. ఈసారి నాకూ కాగితమే కావలసి వచ్చింది. ఇది నోటితో చెప్పలేను.

నా కుడిచేయి వణుకుతోంది.

చెంచా పట్టుకున్నప్పుడు లేదు. తల దువ్వుకున్నప్పుడు లేదు. ఆపరేషన్ థియేటర్లో, సూదిని పటకారుకు బిగించి డాక్టరు గారి అరచేతిలో పెట్టే ఆ క్షణంలో మాత్రం వస్తుంది. ఆయన చేయి చాపి ఉంటారు, తల ఎత్తరు. సూది అక్కడికి చేరాలి. ఇన్నేళ్ళూ చేరింది. ఇప్పుడు దాని కొన గాలిలో చిన్నగా ఆడుతోంది. మోచేతిని నడుముకు ఆనించి, ఎడమచేత్తో మణికట్టు కింద పట్టు ఇచ్చుకుంటున్నాను. ముఖం సగం మాస్కులో ఉంటుంది కాబట్టి సరిపోతోంది.

బయటపడితే మర్నాడే నన్ను థియేటర్ నుంచి తీసేస్తారు. నాకు ఇంకో పని రాదే. వార్డులో రోగులతో తీయగా మాట్లాడటం నా వల్ల కాదు, నాకు మత్తులో ఉన్నవాళ్ళే నచ్చుతారు. ఆ గదిలో ఉన్నంతసేపే నేనొక మనిషినని నాకు అనిపిస్తుంది. అమ్మ పోయాక నన్ను నిలబెట్టింది ఆ పనే, నీకు తెలుసు.

కాబట్టి ప్రార్థించు. ఎవరికీ తెలియకూడదని ప్రార్థించు. వణుకు తగ్గాలని ఆ తర్వాత. నా గదిలో ఉండే పొట్టికి కూడా చెప్పలేదు. థియేటర్లో నా పక్కన నిలబడేది అదే, అయినా చెప్పలేదు. నీకొక్కదానికే.

అక్క

*

మేడ మీది గది,
శనివారం.

అక్కకు,

నీ ఉత్తరం లైబ్రరీలో, పుస్తకాలకు అట్టలు వేసే బల్ల దగ్గర చదివాను. చదివాక కత్తెర తీసుకుని ఒక కొత్త అట్టను సగానికి కోసేశాను. లైబ్రేరియన్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "అమ్మాయ్, దానికి ఆపరేషన్ అవసరమని ఎవరు చెప్పారు?" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన పాపం హడలిపోయి, అట్ట ఖరీదు పెద్దది కాదని ఓదార్చారు.

నీ చేయి వణుకుతుందంటే నా ఊహకు అందడం లేదు. నా అరికాలిలో గాజుముక్క దిగితే ఒక్క లాగుతో తీసిన చేయి అది. రోజూ పొద్దున్నే నీ కోసం మోకరిస్తున్నాను. నేల గట్టిగా ఉంది, మోకాళ్ళ కింద దిండు వేసుకుంటున్నాను. దేవుడు ఏమీ అనుకోడని ఆశ.

ఇక్కడి చర్చిలో స్త్రీల కూడికకు వెళుతున్నానని చెప్పాను కదా. గురువారం సాయంత్రం పాస్టరమ్మ గారి ముందుగదిలో జరుగుతుంది. అందరం గుండ్రంగా కుర్చీల్లో కూర్చుంటాం, ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెబుతారు. ఇన్నాళ్ళూ నా వంతు రాగానే తల అడ్డంగా ఊపి ఊరుకునేదాన్ని. దర్జీ ఆంటీ నన్ను "మా మూగ బంగారం" అంటుంది. ఈ వారం నోరు విప్పాను. అందరూ కుర్చీలు జరుపుకుని నా వైపు తిరిగారు. ఇంటికి వచ్చాక కూడా చెవులు వేడిగా ఉన్నాయి. నాకూ మాటలు వస్తాయి అక్కా, నవ్వకు.

నువ్వు ధైర్యంగా ఉండు. నీ చేతికి నేను కాపలా ఉన్నాననుకో.

గువ్వ

*

నర్సుల క్వార్టర్స్,
వానలు మొదలైన వారం.

గువ్వకు,

నీ ప్రార్థన పనిచేస్తోంది. మొన్న ఒక ఆపరేషన్ మధ్యలో సూది జారి నేలమీద పడింది. డాక్టరు గారు తల ఎత్తకుండానే, "చేతులకు వెన్న రాసుకొచ్చారా సిస్టర్?" అన్నారు, అంతే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పొట్టి అప్పటికే ఇంకో సూది బిగించి పట్టుకుని ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు.

గదికి వచ్చి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఎంత దాచాడో చూడు నన్ను.

నువ్వు కూడికలో నోరు విప్పావంటే నమ్మలేకున్నాను. ఏం మాట్లాడావు? పుస్తకాల గురించేనా?

అక్క

*

నర్సుల క్వార్టర్స్,
సోమవారం.

గువ్వకు,

ఈరోజు పెన్ను పట్టుకున్నా వణుకుతోంది. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

నిన్న ఆరాధన అయ్యాక చర్చి వరండాలో గొడుగు విప్పుతున్నాను. పాటల బృందంలో ముందు వరసలో నిలబడే పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ఆవిడతో నాకు ఒక నవ్వు నవ్వేంత పరిచయమే. వచ్చి నా కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. "తండ్రీ, సూది పట్టలేని ఈ చేతిని ముట్టు. బల్ల మీద పడుకున్నవాళ్ళను ఈ చేతి నుంచి కాపాడు" అంది. ఆవిడది పాటలు పాడే గొంతు. వరండా చివరిదాకా వినిపించింది. చేయి లాక్కోబోయాను, ఆవిడ పట్టు గట్టిది. చుట్టూ నలుగురైదుగురు "ఆమెన్" అన్నారు. అన్నవాళ్ళలో మా మేట్రన్ గారు ఉన్నారు.

ఆవిడ కళ్ళు తెరిచి నా బుగ్గ తట్టి, "మేమంతా చేస్తున్నామమ్మా, ధైర్యంగా ఉండు" అంది. మేమంతా అంది గువ్వా. ఎంతమంది?

ఈరోజు పొద్దున మేట్రన్ గారు పిలిచారు. తలుపు వేయమన్నారు. ఫ్యాను ఆపారు. చేతులు ముందుకు చాపమన్నారు. బల్ల మీద నుంచి ఒక తెల్లకాగితం తీసి నా కుడిచేతి వేళ్ళ మీద పరిచారు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. గాలి లేని గదిలో ఆ కాగితం గలగలమంది.

ఆవిడ తిట్టలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. ఈ వారం నుంచే అన్నాను. రేపటి నుంచి నా డ్యూటీ థియేటర్లో కాదు, కింద పరికరాలు ఉడికించే గదిలో. నరాల డాక్టరుకు చీటీ రాసిచ్చారు.

ఎవరు చెప్పి ఉంటారని ఎటునుంచి ఆలోచించినా పొట్టి దగ్గరికే వస్తోంది. నా పక్కన నిలబడేది అదే, నా స్థానం తర్వాత వచ్చేదీ దానికే. గదికి వచ్చి నిలదీశాను. "నేను చెప్పలేదక్కా" అంది. నమ్మలేదు. అనరాని మాటలు అన్నాను. నా కుర్చీ కోసం నక్కలా కాచుకున్నావు అన్నాను. అది మంచం అంచున కూర్చుని గోరు గిల్లుకుంటూ అంతా విన్నది. తర్వాత దుప్పటి చుట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయింది.

అక్క

*

మేడ మీది గది,
శుక్రవారం.

అక్కకు,

నీ ఉత్తరం చదివి మెట్ల మీదే కూలబడ్డాను. ఇంటి యజమానురాలు బకెట్టు పట్టుకుని దిగుతూ "తల్లీ, దారి ఇస్తావా, నీ మీద నుంచి నడవనా?" అనేదాకా నాకు తెలియలేదు.

మనుషులు ఇలా ఉంటారా? పొట్టి గురించి నువ్వు ఎంత మంచిగా రాసేదానివి. జ్వరం వస్తే రాత్రంతా తలకు తడిగుడ్డ వేసిందన్నావు. అలాంటి పిల్ల ఇంత పని చేస్తుందా? ఇలాంటివాళ్ళు చర్చికీ వస్తారు, పాటలూ పాడతారు. ఒక్కసారి తమ లోపలికి తొంగి చూసుకుంటే ఎంత బాగుండు. నువ్వు అన్న మాటలకు బాధపడకు. వాటికి అది తగినదే.

నువ్వు ఒంటరిదానివి కాదు. నిన్న కూడికలో అందరం నీ కోసం మళ్ళీ ప్రార్థించాం. జరిగిన అన్యాయమంతా చెప్పాను. పాస్టరమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. దర్జీ ఆంటీ అయితే, "ఆ నోటిదూల మనిషి ఎవరో నాకు కనిపిస్తే పెదాలు రెండూ కలిపి కుట్టేస్తాను" అంది. ఇంతమంది నీ పక్షాన ఉన్నారు.

గువ్వ

*

నర్సుల క్వార్టర్స్.

గువ్వకు,

కూడికలో ఇంతకుముందు నా గురించి ఏం చెప్పావు? ఎప్పుడు చెప్పావు? విన్నవాళ్ళలో మా చర్చివాళ్ళతో మాట్లాడేది ఎవరు?

వీటికి జవాబు రాయి. ఇంకేమీ రాయకు.

అక్క

*

మేడ మీది గది,
మంగళవారం.

అక్కకు,

నువ్వు అడిగినట్టే రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన వారమే చెప్పాను. నీ పేరు చెప్పలేదు. "మా అక్క ఆపరేషన్ గదిలో పనిచేస్తుంది. చేయి వణుకుతోంది, సూది పట్టలేకపోతోంది. ప్రార్థించండి" అన్నాను. నాకు ఉన్నది ఒక్క అక్కే అన్న మాట నిజమే. నువ్వు ఏ ఊళ్ళో ఉంటావో వాళ్ళకు ముందే తెలుసన్నదీ నిజమే. కానీ నేను ఎవరికీ చెప్పలేదక్కా. ప్రార్థించమన్నాను, అంతే. చెప్పడం వేరు, ప్రార్థించమనడం వేరు. నేనొక్కదాన్నే అడిగే కంటే పదిమందిమి అడిగితే నీకు మేలని అనుకున్నాను. ఇందులో తప్పు ఎక్కడుందో నాకు

ఇక్కడ ఆపి పాస్టరమ్మ గారి ఇంటికి వెళ్ళాను. ఇప్పుడే తిరిగి వచ్చాను. పై వాక్యం పూర్తి చేయను, కొట్టేయను కూడా. నువ్వు చూడాలి.

ఆవిడ దుప్పట్లు మడతపెడుతున్నారు. ఒక అంచు నా చేతికి ఇచ్చారు. మడతపెడుతూనే అడిగాను, అక్క సంగతి మీరు ఎవరికైనా చెప్పారా అని. ఆవిడ ఏమాత్రం తడబడలేదు. మీ చర్చిలో పాటలు పాడే పెద్దావిడ తనకు చిన్ననాటి స్నేహితురాలట. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటారట. "అయ్యో, చెప్పడమేంటమ్మా? ప్రార్థించమన్నాను, అంతే" అన్నారు.

నా చేతిలో దుప్పటి అంచు జారిపోయింది. అరగంట ముందు నేను రాసిన వాక్యం అది. ఒక్క మాట తేడా లేకుండా ఆవిడ నోట విన్నాను. ఆవిడ ముఖం చూశాను. అందులో మోసం లేదు, తప్పు చేశానన్న భావం లేదు. దుప్పటి ఇటు ఇవ్వమ్మా అన్నట్టు చేయి చాపి నిలబడ్డారు. ఇన్ని వారాలూ నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

పొట్టి చెప్పలేదు. నేను చెప్పాను.

గువ్వ

*

మేడ మీది గది,
ఆదివారం.

అక్కకు,

నీ నుంచి జవాబు రాలేదు. రాయమని అడగను. ఇది మాత్రం చదువు.

ఈరోజు మా చర్చిలో ప్రభు సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం చేతికి వచ్చే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవడానికి కాసేపు మౌనం ఇస్తారు. నాకు ఆ మౌనం ఎప్పుడూ తేలిక. కాన్వెంటులో మదర్ పడుకునే ముందు మన చేత అదే చేయించేది కదా. రోజంతా వెనక్కి చూసుకుని, ఒక్కో తప్పుకు ఒక్కో వేలు మడవమనేది. నువ్వు వేళ్ళు మడుస్తూ మడుస్తూ నిద్రపోయేదానివి. నాకు మడవడానికి ఏమీ దొరికేది కాదు. అబద్ధం లేదు, దెబ్బలాట లేదు, అసలు మాటే లేదు. నోరు తెరవని పిల్లకు పాపాలు తక్కువని నమ్మాను. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ మోకరించాను.

ఈరోజు, అక్క రహస్యం బయటపెట్టాను, క్షమించు అని మొదలుపెట్టాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఎందుకు బయటపెట్టావు అని లోపల ఎవరో అడిగినట్టయింది. ప్రేమ కొద్దీ అన్నాను. ఆ జవాబు నిలవలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. అట్టలు వేసే బల్ల దగ్గర, పెదాలు కదలకుండా, సాయంత్రం చెప్పబోయే మనవిని చెప్పి చూసుకున్నాను. మొదట "మా అక్కకు చేయి వణుకుతోంది, ఆవిడ ఆపరేషన్ గదిలో పనిచేస్తుంది" అని అనుకున్నాను. అది చప్పగా ఉంది. మార్చాను. ఆపరేషన్ గది ముందు రావాలి, అక్కడ కాసేపు ఆగాలి, ఆ తర్వాత చేయి సంగతి రావాలి. అలాగే చెప్పాను. దర్జీ ఆంటీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆమె అలా పెట్టుకోవాలనే నేను ఆగాను.

నన్ను ఎవరూ ఎప్పుడూ "తర్వాత ఏమైంది?" అని అడగలేదక్కా. ఆరోజు అడిగారు. వాళ్ళు అలా అడగడానికి నా దగ్గర నా సంగతి ఏదీ లేదు. నీ చేయి దొరికింది.

ఇది నాలోనే ఉందా అని కొయ్యబారిపోయాను. పళ్ళెం మా వరసకు వచ్చింది. తీసుకోలేక పక్కకు అందించాను.

గువ్వ

*

మేడ మీది గది,
శుక్రవారం.

అక్కకు,

నిన్న కూడికలో లేచి నిలబడి అంతా ఒప్పుకున్నాను. నీ ఉత్తరం సంగతి, నువ్వు ఎవరికీ చెప్పవద్దన్న సంగతి, పొట్టి మీద పడ్డ నింద, మేట్రన్ గారి కాగితం, అన్నీ చెప్పాను. పాస్టరమ్మ గారు ఏడ్చారు, తన స్నేహితురాలికి తనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటానన్నారు. అందరూ లేచి వచ్చి కౌగిలించుకున్నారు. "ఇంత నిజాయితీ నేను ఎక్కడా చూడలేదే బంగారం" అంది దర్జీ ఆంటీ. గాలిలో తేలినట్టు ఇంటికి బయలుదేరాను.

వీధి మలుపు దగ్గర గమనించాను. ఏ మాటకు ఎవరు ఏడ్చారో మనసులో మళ్ళీ చెప్పుకుంటూ నడుస్తున్నాను. చెవులు వేడిగా ఉన్నాయి. మొదటిసారి ఉన్నట్టే.

రోడ్డు మధ్యలో ఆగిపోయాను. సైకిలు మీద వస్తున్న మనిషి, "అమ్మా, చావాలంటే ఇంకో వీధి చూసుకో" అని తిట్టి పోయాడు. అప్పుడు ఇంకోటి తట్టింది. నిన్న కూడికకు ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు. నీ సంగతి వాళ్ళకు తెలియదు. ఇప్పుడు తెలుసు. కాగితం గలగలమన్న సంగతితో సహా.

పశ్చాత్తాపానికి కూడా నీ చేతినే పట్టుకెళ్ళాను. ఎంత తవ్వినా నేనే బయటపడుతున్నాను. నిన్ను క్షమాపణ అడగాలన్నా భయంగా ఉంది, అందులో ఇంకేముందో అని.

గువ్వ

*

నర్సుల క్వార్టర్స్,
ఆదివారం.

గువ్వకు,

నీ ఉత్తరాలు మూడూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. మొదటిదాన్ని చింపేశాను, తర్వాత టేపు వేసి అతికించాను. ఆ అతుకు నీ లైబ్రేరియన్ గారు చూస్తే ఉద్యోగం ఇవ్వరు.

కోపం ఉంది. లేదని రాయను. ముగ్గురు కొత్తవాళ్ళ సంగతి చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత మంచం కోడును తన్నాను. ఇంకెవరే మిగిలింది, మీ వీధి కుక్కకు చెప్పావా?

పొట్టి దగ్గరికి వెళ్ళాను. పక్క గది గుమ్మంలో నిలబడి తప్పు నాదే అన్నాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే చెప్పింది. "మీ చేయి సంగతి నాకు మొదట్నుంచీ తెలుసక్కా. సూదులన్నీ ముందే బిగించి పెట్టేదాన్ని, చూడలేదా?" నేను చూడలేదు గువ్వా. దాని చురుకుదనం అనుకున్నాను, నా శిక్షణ అని గర్వపడ్డాను కూడా. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పాల్సింది. మీరంటే భయం. బల్ల మీద మనిషిని చూస్తే ఇంకా భయం. రోజూ చచ్చి బతికాను" అంది.

బల్ల మీద మనిషి ఒకరు ఉంటారని ఇరవై ఏళ్ళ పిల్ల నాకు గుర్తు చేయాల్సి వచ్చింది. నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఏం రాశానో తలుచుకున్నాను. నా ఉద్యోగం గురించి రాశాను. నా భయం గురించి రాశాను. ఎవరికీ తెలియకూడదని దేవుణ్ణి అడగమన్నాను. ఆ సూది ఎవరి ఒంట్లోకి దిగుతుందో వాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. సూది కింద పడిన రోజు నన్ను దాచినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. ఎవరి నుంచి దాచినందుకు? వాళ్ళ కోసం అడిగింది వరండాలో ఆ పెద్దావిడ ఒక్కతే. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

మేట్రన్ గారి దగ్గరికి వెళ్ళి, ఈ వారం నుంచి కాదు, నెలల నుంచి అని చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచారు, మళ్ళీ కూర్చున్నారు. ఈ నెలల్లో నేను నిలబడ్డ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పిలిపించి చూస్తున్నారు. ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ లేదు. ఇంకా కొందరు రావాలి. వాళ్ళు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే నేను పరికరాల గది తలుపు తీయలేకపోతున్నాను.

నువ్వు చెప్పబట్టే మంచి జరిగిందని ఎవరైనా అంటే నమ్మకు. ముఖ్యంగా నీకు నువ్వే అనుకుంటే నమ్మకు. నువ్వు నా ప్రాణంతో ఆడుకున్నావు. నేను ఇంకొకరి ప్రాణంతో.

ఎంత తవ్వినా నువ్వే బయటపడుతున్నావన్నావు. అయితే తవ్వడం ఆపు. గాయం ఎంత లోతో చూస్తాం, కడుగుతాం, డాక్టరు చేతికి వదిలేస్తాం. వేలు పెట్టి కెలుకుతూ కూర్చోం. నేను నమ్మే దేవుడు నీ లోతు చూసి జడుసుకునేవాడు కాదు.

నరాల డాక్టరును కలిసి వచ్చాను. ఆయన చెప్పాల్సింది చెప్పారు. అది నీకు రాయను. శిక్ష అనుకోకు. రాద్దామనే పెన్ను తీశాను. వచ్చే గురువారం గుర్తొచ్చి చేయి ఆగింది. క్షమించాను అని ఒక చిత్తు కాగితం మీద రాసి చదువుకున్నాను, అబద్ధంలా లేదు. నమ్ముతున్నాను అని రాశాను, అది అబద్ధంలా ఉంది. ఈ రెండూ వేరని నాకూ ఇప్పుడే తెలిసింది. ఎప్పటికి కలుస్తాయో తెలియదు.

ఉత్తరాలు మానకు.

అక్క

*

మేడ మీది గది,
శుక్రవారం.

అక్కకు,

డాక్టరు మాట రాయనన్న చోట నా చూపు చాలాసేపు కదల్లేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు నిజం చెప్పావు. అడగను.

నిన్న కూడికకు వెళ్ళాను. మానేద్దామనుకున్నాను. మానేస్తే ఎందుకు మానేశానో తెలుసుకోవడానికి ఇంటికి వస్తారు, అదొక కథ అవుతుంది. నా వంతు వచ్చింది. కుర్చీలు ఇటు జరిగాయి. పాస్టరమ్మ గారు మెల్లగా అడిగారు.

"అక్కకు ఎలా ఉందమ్మా? డాక్టరు ఏమన్నారు?"

"తెలియదండీ" అన్నాను.

ఇంకా ఏదో వస్తుందని వాళ్ళు ఎదురుచూశారు. నిజంగానే వస్తోంది అక్కా. అక్క నాతో చెప్పడం మానేసింది అనే వాక్యం, ఎక్కడ ఆగాలో దానితో సహా, నా నోట్లో తయారుగా ఉంది. నేను తయారు చేసినట్టు కూడా నాకు తెలియదు. పెదాలు బిగించుకుని కూర్చున్నాను. దర్జీ ఆంటీ నా వైపు కాసేపు చూసి, తన మోకాలి నొప్పి సంగతి ఎత్తుకుంది. కుర్చీలు అటు తిరిగాయి. నా చుట్టూ ఎవరూ లేనట్టయింది. ఇంత చిన్న పనికి ఇంత ఒంటరితనం ఉంటుందని నేను అనుకోలేదు.

ఈ ఉదయం నీ కోసం మోకరించాను. ఏమని అడగాలో నాకు తెలియదు. తగ్గేదా, తగ్గనిదా, మందులా, ఇంకేదైనానా. పిలిపించినవాళ్ళలో ఇంకా ఎవరు రావాలో, వాళ్ళు ఎలా ఉన్నారో అదీ తెలియదు. ఇదివరకు నా ప్రార్థనలు చక్కగా ఉండేవి, మాట వెనుక మాట కుదిరేది. ఈరోజు "అక్క" అన్నాను. దాని వెనుక ఏమీ రాలేదు. కింద ఇంటి యజమానురాలు బకెట్లు జరుపుతున్న చప్పుడు వింటూ ఉండిపోయాను. కాసేపటికి "బల్ల మీద మనిషి" అన్నాను. మళ్ళీ "అక్క" అన్నాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. లేచి పనికి వెళ్ళాను.

గువ్వ